‘రోగి సహకరించడం లేదు’

నేను ఫిజియోథెరపిస్టును. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో పన్నెండేళ్లు తలకు బలమైన దెబ్బ తగిలినవాళ్ల మధ్యే గడిచాయి. ఇన్నేళ్లలో కేస్ షీట్లలో ఎంత రాశానో లెక్క లేదు. ఒక్క వాక్యం మాత్రం ఇప్పటికీ గుర్తొచ్చి గుచ్చుకుంటుంది. అందులో ఉన్నవి మూడే మాటలు. ‘రోగి సహకరించడం లేదు.’ కింద తేదీ, నా సంతకం.

అతనికి ముప్పై నాలుగేళ్లు. బైకు మీద నుంచి పడ్డాడు. ఆసుపత్రికి తెచ్చినప్పుడు, స్పృహ ఎంత ఉందో చెప్పే గ్లాస్గో స్కోరు 15కి 6. మెదడు పైపొర కింద రక్తం గడ్డకట్టి మెదడును ఒక పక్కకు నెట్టేసింది. సర్జన్ ఆ గడ్డ తీశారు. మెదడు వాచినా చోటు సరిపోవాలని పుర్రె ఎముకలో ఒక పలకను తిరిగి పెట్టకుండా వదిలేశారు. ఐదో వారంలో మా వార్డుకు వచ్చాడు. ఎనిమిదో వారానికి ఒక మనిషి చెయ్యి పట్టుకుంటే చాలు, కారిడార్ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. నాకు గర్వంగా ఉండేది. రౌండ్సుకు వచ్చిన డాక్టర్లకు అతని నడకను నేనే చూపించేదాన్ని.

తొమ్మిదో వారం నుంచి వెనక్కి జారడం మొదలైంది. నిలబెడితే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఉండిపోయేవాడు. మలుపు దగ్గర అడుగు పడేది కాదు. ‘కాలు ఎత్తండి’ అంటే నా ముఖంలోకి చూసేవాడే తప్ప ఎత్తేవాడు కాదు. రెండు రోజులు బుజ్జగించాను, మూడో రోజు గొంతు పెంచాను. నాలుగో రోజు ఆ వాక్యం రాశాను.

అదే వారంలో రాత్రి డ్యూటీ నర్సులు తమ రిజిస్టర్లో రాసుకున్నది వేరు: ‘పక్క తడుపుతున్నాడు, డైపర్ వేశాం.’ అంతకు ముందు రెండు వారాలుగా బాత్రూముకు తనే అడిగి వెళ్లేవాడని ఆ రిజిస్టర్లోనే నాలుగు పేజీల వెనక ఉంది. స్పీచ్ థెరపిస్టు తన ఫైల్లో ‘ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎక్కువ సమయం తీసుకుంటున్నాడు, మాట తగ్గింది’ అని రాసింది. సైకాలజిస్టు ‘దిగులు కావచ్చు’ అని ప్రశ్నార్థకం పెట్టి మానసిక వైద్యుడి సలహా కోరారు. ఆయన వచ్చి దిగులుకు మాత్ర రాసి వెళ్లారు.

నడక పాడవడం, మూత్రం మీద అదుపు పోవడం, ఆలోచన మందగించడం. ఈ మూడూ పక్కపక్కన కనిపిస్తే వైద్య విద్యార్థి కూడా మెదడులో నీరు చేరిందేమో చూద్దామంటాడు. పక్కపక్కన కనిపించలేదు, అంతే. నా ఫైలు ఫిజియో గదిలోని ఇనుప అల్మరాలో ఉంటుంది. నర్సుల రిజిస్టర్ వాళ్ల టేబుల్ మీద, స్పీచ్ థెరపిస్టు ఫైలు పై అంతస్తులో. ఎవరు రాసినదాంట్లోనూ అబద్ధం లేదు. ఎవరికి వాళ్లం ఒక్కో ముక్క పట్టుకుని కూర్చున్నాం.

ఆ ముక్కలను కలిపింది అతని భార్య. ఆమెకు వైద్యంతో ఏ సంబంధమూ లేదు. ఐసీయూ బయట కూర్చున్న రోజుల్లో మతి నిలవడానికని ఒక గీతల నోటుపుస్తకం కొనుక్కుని రోజూ రాయడం మొదలుపెట్టింది. ఏ డాక్టరు ఏమన్నారు, ఏ మందు మారింది, ఎంతసేపు కళ్లు తెరిచాడు, ఎవరిని గుర్తుపట్టాడు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఆ పుస్తకంతో నా దగ్గరికి వచ్చి, ‘మేడం, ఈ మూడూ ఒకే వారంలో మొదలయ్యాయండి. ఒకదానికొకటి సంబంధం ఉంటుందా?’ అని అడిగింది. మూడు చోట్ల ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది.

కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆ సాయంత్రమే స్కాన్ తీశారు. మెదడులోని కుహరాలు ఉబ్బి ఉన్నాయి.

మెదడు చుట్టూ, దాని లోపలి కుహరాల్లోనూ తిరిగే ద్రవం రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారవుతుంది. లోపల ఒక సమయంలో ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే. తయారైనది తయారైనట్టే రక్తంలోకి ఇంకిపోతూ ఉండాలి. దెబ్బ వల్ల లోపల రక్తం చిందినవాళ్లలో ఆ ఇంకే దారులు పూడుకుపోవచ్చు. పుర్రె పలక తీసినవాళ్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఇది వారాల తర్వాత, అంతా బాగుపడుతోందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక వస్తుంది. మర్నాడు నడుము దగ్గర సూదితో కొంత ద్రవం తీసి నడక పరీక్షించమన్నారు. తీయకముందు పది మీటర్లు నడవడానికి నలభై ఒక్క సెకన్లు పట్టింది, తీశాక ఇరవై నాలుగు. స్టాప్‌వాచ్ నా చేతిలోనే ఉంది. సహకరించని రోగి సహకరించేశాడు! తర్వాత ఆ ద్రవాన్ని బయటికి మళ్లించే సన్నటి గొట్టం, అంటే షంట్ అమర్చారు, కొన్నాళ్లకు పుర్రె పలకను కూడా తిరిగి పెట్టారు.

తర్వాత ఈ విషయం చదువుతుంటే ఒకటి తెలిసింది. లోపలి ఒత్తిడి మామూలుగా ఉన్నా కుహరాలు ఉబ్బే ఈ స్థితిని 1965లో వైద్య ప్రపంచం ముందుకు తెచ్చినవారిలో కొలంబియా న్యూరోసర్జన్ సలమోన్ హకీమ్ ముఖ్యుడు. దీన్ని మనం ఇప్పుడు ముసలివాళ్ల జబ్బుగా చదువుకుంటాం. ఆయన మొదట చూసిన రోగుల్లో ఒకడు మాత్రం రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన పదహారేళ్ల కుర్రాడు. పరీక్ష కోసం కొంచెం ద్రవం తీస్తే మాట వచ్చింది. అంటే ఈ జబ్బు మొదటి పాఠమే మా వార్డు లాంటి చోట మొదలైంది. నాకు మాత్రం అది పాఠ్యపుస్తకంలో వేరే అధ్యాయంలో ఉండిపోయింది.

అందరూ కలిసి చికిత్స చేయాలి, బృందంగా పనిచేయాలి అని సదస్సుల్లో వింటూనే ఉంటాం. నిజం చెప్పాలంటే ఆ మాట వింటే నాకు కొంచెం చిరాకు. ఆ రోగికి బృందం లేక కాదు. సర్జన్, నర్సులు, నేను, స్పీచ్ థెరపిస్టు, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, సైకాలజిస్టు, పోషకాహార నిపుణురాలు, లెక్కపెడితే తొమ్మిది మందిమి. తొమ్మిది మందిమీ రోజూ వచ్చి చూసి రాసి వెళ్లేవాళ్లం. మనుషులకు కొదవ లేదు, ఒకరు రాసింది ఇంకొకరు చదవడమే లేదు.

మెదడు దెబ్బకే ఇంత చిక్కు ఎందుకంటే, అది ఏ ఒక్క విభాగపు సొత్తూ కాదు. కాలు విరిగితే ఎముకల డాక్టరు ఉంటారు, చివరిదాకా ఆయనదే బాధ్యత. మెదడు దెబ్బలో మొదటి వారం సర్జన్‌ది, రెండో వారం ఐసీయూది, రెండో నెల మాది, రెండో ఏడాది పూర్తిగా కుటుంబానిదే. చేతులు మారిన ప్రతిచోటా కొంత సమాచారం రాలిపోతుంది.

గ్లాస్గో స్కోరు సంగతే చూడండి. 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ దీన్ని తయారుచేసినప్పుడు వాళ్ల ఉద్దేశం వేర్వేరు మనుషులు ఒకే భాషలో మాట్లాడుకోవాలనే. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఎంత తక్కువైనా 3. ఎనిమిదికి దిగితే తీవ్రమైన గాయం. చేతులు మారేటప్పుడు మాత్రం ఆ మూడు అంకెలు పోయి మొత్తం ఒక్కటే మిగులుతుంది. ‘స్కోరు 7 అండీ’ అని ఫోనులో చెబుతారు. కళ్లు తెరవకుండా, మాట లేకుండా, నొప్పి పెట్టిన చోటికి చెయ్యి తీసుకెళ్లేవాడి స్కోరూ ఏడే. నొప్పికి కళ్లు తెరిచి, అర్థం లేని శబ్దాలు చేస్తూ, చేతులు అసహజంగా ముడుచుకునేవాడి స్కోరూ ఏడే. ఇద్దరి ముందున్న దారులు ఒకటి కావు. గొంతులో గొట్టం ఉంటే మాటకు మార్కు వేయడమే కుదరదు, అప్పుడు ఆ మొత్తానికి అర్థమే లేదు. అందుకే మా వార్డులోకి రోగిని పంపేటప్పుడు మూడు అంకెలూ విడివిడిగా చెప్పాలని పట్టుబట్టాం. ఇంత చిన్న మార్పుకు ఎనిమిది నెలలు పట్టింది. నవ్వకండి.

ఇక కోమా నుంచి బయటికి వచ్చే దశ. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మా మధ్య గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. అమెరికాలో రాంచో లాస్ అమిగోస్ ఆసుపత్రివాళ్లు కోలుకోవడాన్ని మొదట ఎనిమిది మెట్లుగా విడగొట్టారు. అందులో నాలుగో మెట్టు మీద రోగి అయోమయంగా, అల్లకల్లోలంగా ఉంటాడు. గొట్టాలు పీకుతాడు, తిడతాడు, మంచం దూకుతాడు, తను ఎక్కడున్నాడో తెలియదు. బంధువులు భయపడిపోతారు కానీ, మూడో మెట్టు దాటి వచ్చాడంటే నిజానికి అది ముందడుగే. రాత్రి రెండు గంటలకు వార్డులో ఇద్దరే ఉన్న నర్సులకు ఆ ముందడుగు వల్ల ఒరిగేదేమీ లేదు. మత్తు సూది కావాలంటారు. పొద్దున్నే నేను వెళ్తే మనిషి గుర్రుపెట్టి నిద్ర. నాకు కోపం. స్పీచ్ థెరపిస్టుకు ఇంకా కోపం. కొన్ని రకాల మత్తుమందులు జ్ఞాపకాన్ని, మేలుకువను మబ్బు కమ్మేలా చేస్తాయి. హాలోపెరిడాల్ లాంటివి మెదడు తిరిగి నేర్చుకోవడాన్ని ఆలస్యం చేసినట్టు జంతువుల మీద ప్రయోగాల్లో కనిపించింది. కాబట్టి మాదే న్యాయం అనుకునేవాళ్లం. నర్సులకు మా మీద ఉన్న కోపం అంతకంటే న్యాయమైనదని నాకు అర్థం కావడానికి ఒక రాత్రి అక్కడే ఉండాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఒకతను పదిన్నర నుంచి గోల. నర్సు నాకు తన కాగితం చూపించింది. గంటగంటకూ అతను ఎలా ఉన్నాడో చుక్కలు పెట్టి ఉంది. వరుసగా నాలుగు రాత్రులూ గొడవ పది, పదిన్నర మధ్యే మొదలైంది. తొమ్మిదిన్నరకు ఏం జరుగుతుంది? చేతికి బద్ద కట్టేది అప్పుడే. వేళ్లు ముడుచుకుపోకుండా రాత్రంతా ఉంచమని ఆ బద్ద ఇచ్చింది నేనే. విప్పి చూస్తే మణికట్టు దగ్గర ఎర్రగా కమిలి ఉంది. నొప్పి అని చెప్పే మాట అతనికి ఇంకా రాలేదు. బద్ద సరిచేశాం, మత్తు సూది అవసరం పడలేదు. ప్రతిసారీ ఇంత తేలిగ్గా తేలదు. అయినా అప్పటినుంచి సూదికి ముందు చూడాల్సినవాటికి ఒక వరుస పెట్టుకున్నాం. మూత్రం నిలిచిపోయిందా, జ్వరమా, మలబద్ధకమా, ఎక్కడైనా ఒరుసుకుంటోందా, దీపం కళ్లలో పడుతోందా, నిద్ర ఉందా. ఆ వరుస రాసింది రాత్రి నర్సులే. మేము సంతకాలు పెట్టాం.

భార్య నోటుపుస్తకం సంఘటన తర్వాత మంగళవారం, శుక్రవారం మీటింగ్ మొదలుపెట్టాం. నిలబడే మాట్లాడుకోవాలి, ఇరవై ఐదు నిమిషాలు మించకూడదు. ఒక నియమం మాత్రం నేను పట్టుబట్టి పెట్టించాను. ముందు ఆయా మాట్లాడాలి, తర్వాత నర్సు, తర్వాత మేము, చివరికి సర్జన్. సర్జన్ ముందు మాట్లాడితే ఇక ఎవరూ మాట్లాడరు, తల ఊపుతారు. స్నానం చేయించే మనిషికి తెలిసినన్ని విషయాలు మాకెవరికీ తెలియవు. ‘నిన్నటి నుంచి ఎడమ తొడ ముట్టుకోనివ్వడం లేదు’ అని ఒక ఆయా చెప్పబట్టే తుంటి చుట్టూ కండరంలో ఎముక పెరగడం మొదలైందని తొందరగా పట్టుకున్నాం. మెదడు దెబ్బ తర్వాత అలా జరుగుతుందని పుస్తకంలో చదివిన నేను ఆ తొడను బిగుతు అనుకుని రెండు రోజులు సాగదీస్తూనే ఉన్నాను.

ఈ మీటింగ్ మొదట్లో మూడుసార్లు ఆగిపోయింది. ఒకసారి సర్జన్ ఆపరేషన్ రోజు అడ్డొచ్చింది. ఒకసారి నేనే సెలవులో ఉన్నాను, నేను లేకపోతే ఎవరూ పిలవలేదు. ఇంకోసారి పద్నాలుగు గడులున్న ఒక ఫారం తయారుచేశాను. అందంగా ఉంది, ఒక్కరూ నింపలేదు. ఇప్పుడున్నది ఒకటే పేజీ, అందులో ఐదు గడులు. అన్నిటికంటే పైన ఈ రెండు వారాల లక్ష్యం ఉంటుంది. ఆ లక్ష్యం మోకాలిదీ నాలుకదీ కాకూడదు, మనిషిది కావాలి. ‘ఒకరి సాయంతో బాత్రూముకు నడిచి వెళ్లి, తలుపు వేసుకుని, తిరిగి రావాలి.’ ఇలా రాస్తే నడక నా పని అవుతుంది, పైజామా నాడా విప్పుకోవడం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని, వెళ్లాలని చెప్పగలగడం స్పీచ్ థెరపిస్టు పని, వేళకు గుర్తుచేయడం నర్సు పని, రాత్రి మాత్ర వల్ల మత్తుగా ఉన్నాడా చూసుకోవడం డాక్టరు పని. ఇంతకుముందు నేను ‘మోకాలి బలం ఒక గ్రేడు పెంచాలి’ అని రాసేదాన్ని. ఎవరికి కావాలి ఆ గ్రేడు?

ఒప్పుకోలు కుదరనివీ ఉన్నాయి. మింగడం గురించి మాకు ఇప్పటికీ తగవే. పలుచటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి, చిక్కగా చేసి ఇవ్వండి అని స్పీచ్ థెరపిస్టు అంటుంది. నోరు ఎండిపోయి అడుగుతుంటే చూడలేకపోతున్నాం అని ఇంటివాళ్లు అంటారు. ఒంట్లోకి సరిపడా ఏదీ వెళ్లడం లేదు, ఆహారం ఇచ్చే గొట్టం తీయొద్దు అని పోషకాహార నిపుణురాలు. గొట్టం ఉన్నంతకాలం చేతికి గుడ్డ కట్టాల్సి వస్తోంది అని నర్సు. నలుగురిదీ నిజమే. మంచం తలవైపు ఒక అట్టముక్క మీద ఆ రోజు ఏది ఒప్పుకున్నామో పెద్ద అక్షరాలతో రాసిపెడతాం, బంధువులకూ చదివి వినిపిస్తాం. తగవు తీరదు కానీ, రాత్రివేళ ఒకరు ఇచ్చింది ఇంకొకరికి తెలియకుండా పోదు.

ఇంటికి పంపడం అన్నిటికంటే బలహీనమైన చోటు. ఒక ఉదాహరణ చెబుతాను. దెబ్బ తగిలిన మొదటి వారంలో ఫిట్స్ రాకుండా మందు ఇస్తారు. ఆ మందు మొదటి వారపు ఫిట్స్‌ను తగ్గిస్తుందే తప్ప, ఆ తర్వాత వచ్చేవాటిని అడ్డుకోదని 1990లోనే ఒక పెద్ద పరిశోధన తేల్చింది. అయినా ఒక్కసారి కూడా ఫిట్స్ రానివాళ్లు ఏడాది తర్వాత కూడా అదే మాత్ర వేసుకుంటూ, తూలుతూ నా దగ్గరికి వస్తుంటారు. మొదలుపెట్టింది ఐసీయూ. ఆపాలా వద్దా అని తేల్చేది ఎవరు? చీటీలో రాసి ఉండదు. (దయచేసి ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపకండి. ఫిట్స్ వచ్చినవాళ్ల సంగతి వేరు. అడగండి, అడిగి జవాబు రాబట్టండి.) ఇప్పుడు మా డిశ్చార్జి కాగితంలో ప్రతి మందు పక్కన ‘ఎందుకు, ఎప్పటిదాకా, ఎవరు చూస్తారు’ అని ఒక వరుస ఉంది.

ఇంటికి వెళ్లాక మొదలయ్యేవి చాలావరకు కంటికి కనిపించవు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంకేం కావాలి అంటారు చూసేవాళ్లు. రెండు గంటలు కూర్చుంటే తల బరువెక్కి పడిపోయేంత అలసట. చిన్న మాటకే కోపం. వాసన తెలియకపోవడం, అంటే గ్యాసు లీకైనా ఏదో మాడిపోతున్నా పసిగట్టలేకపోవడం. సన్నటి వాసన నాడులు దెబ్బ అదురుకు తెగిపోతాయి. ఇది మేం ముందే చెప్పకపోతే ఎవరికీ తోచదు. ఒకామె ‘మా ఆయన సోమరి అయిపోయాడండీ, మంచం దిగడు’ అని ఏడ్చింది. సోమరి అన్న మాట వినగానే నాకు నా పాత వాక్యం గుర్తొచ్చింది. రక్త పరీక్ష చేయించమని పంపాను. మెదడు అడుగున సన్నటి కాడకు వేలాడే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు పడిపోయాయి. హార్మోన్ల డాక్టరు మా తొమ్మిది మందిలో లేరు. ఇప్పుడు పదో మనిషి ఆయనే.

ఇంకా చేయాల్సింది ఎంతో ఉంది. ఇంటికి వెళ్లినవాళ్లు ఫోను చేసి అడగడానికి ఒక నర్సు, ఒక నంబరు కావాలని మూడేళ్లుగా అడుగుతున్నాం. ప్రస్తుతానికి ఆ నంబరు అనధికారికంగా నాదే. ఆదివారాలు కూడా మోగుతుంది.

పోయిన నెల అతను మళ్లీ పరీక్షకు వచ్చాడు. భార్యతో కలిసి, ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి వచ్చాడు. సగం పూట పనికి వెళ్తున్నాడట. మధ్యాహ్నం ఒక గంట పడుకుంటే గానీ సాయంత్రం నెట్టుకురాలేనన్నాడు. ఆమె చేతిలో నాలుగో నోటుపుస్తకం. మొదటిది చూడాలని ఉందని అడిగాను. సంచీలోనే ఉంది, ఇచ్చింది. నేను ఆ వాక్యం రాసిన తేదీ నాకు గుర్తుంది కాబట్టి పేజీలు తిప్పి వెతికాను. నీలం పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో రెండు వరుసలు ఉన్నాయి.

‘ఈ రోజు ఫిజియో మేడంకు కోపం వచ్చింది. ఈయన కాలు ఎత్తాలని చాలా ప్రయత్నించారు, నుదుటికి చెమట పట్టింది, కాలు రాలేదు.’